మొదటి పీరియడ్ నిద్ర

నా జన్మలో నేను చేసిన అన్నిటికంటే గట్టి బేరం ఒక గంట నిద్రను అమ్మడం. ఆ నిద్ర నాది కాదు. సొంత సరుకు ఎవడైనా అమ్ముతాడు. పరాయి సరుకును, సొంతదారుకు తెలియనివ్వకుండా, అడిగినదానికి పైన కొసరు కూడా రాబట్టి అమ్మాలంటే పుట్టుకతో కొంత రావాలి. నాకు వచ్చింది. బుచ్చిరెడ్డిపాలెంలో మా నాయనది పచారీ కొట్టు. బాబాయిలిద్దరివీ ధాన్యం కమీషన్ కొట్లు, మేనమామది స్టీలు సామాన్ల షాపు. మా ఇళ్ళలో పిల్లలు నడక కంటే ముందు కొసరు అడగడం నేర్చుకుంటారు. ఆ వంశంలో చదువు వంటబట్టి టీచరు ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. "మావాడు నెలకొకసారి గల్లాపెట్టె తెరుచుకునే కొట్టు పెట్టాడు" అని మా నాయన బజారంతా చెప్పుకున్నాడు.

ఆ బేరం జరిగేనాటికి నేను బోగోలు మండలంలో, సముద్రం పక్కన వలల మీద బతికే ఒక పాలెంలో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్ని. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. ఒకటీ రెండూ తరగతులు, ఫోనూ నా వంతు. ఫోను అంటే చిన్న పని కాదు. పొద్దున హాజరు ఫొటో, మధ్యాహ్నం అన్నం ఫొటో, గుడ్ల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో. సిగ్నలు వరండా చివరి స్తంభం దగ్గర మాత్రమే అందుతుంది గనక రోజులో సగం నేను ఆ స్తంభాన్ని ఆనుకునే ఉద్యోగం చేశాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు మేడమ్‌వి.

మేడమ్ కావలి నుంచి వచ్చేవారు. నాలుగింటికి లేచి, మంచాన పడ్డ అత్తగారికి చేయాల్సినవి చేసి, వంట ముగించి, బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. బడికి వచ్చేసరికి మనిషి సగం అయిపోయి ఉండేది. అయినా గంట కొట్టగానే ఆవిడ గొంతు మారేది. పిల్లలతో మాట్లాడటానికి ఆవిడ దగ్గర వేరే గొంతు ఒకటి ఉండేది, దాన్ని ఇంకెవరి మీదా వాడగా నేను వినలేదు.

మా పిల్లలు బడికి రాకముందే ఒక పూట పని చేసి వచ్చేవాళ్ళు. అక్కడ అలివి వల లాగుతారు. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసి, రెండు తాళ్ళు ఒడ్డుకు తెచ్చి, తెల్లారకముందు నుంచి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో పాలు, అంటే వాటా, ఉంటుంది. పెద్ద చేతికి నిండు పాలు, పిల్ల చేతికి అర పాలు. మగదిక్కు లేని ఇళ్ళలో ఆ అర పాలే పొయ్యి మీదికి ఎక్కేది. అట్లా లాగి, చేపలు ఏరి, కాళ్ళకు ఇసుకతోనే వచ్చి కూర్చుని, మూడో ఎక్కం సగంలో తల వాల్చేసేవాళ్ళు.

నేనైతే ముఖం కడుక్కుని రమ్మని తరిమేవాణ్ణి. మేడమ్ వచ్చిన రెండో నెల్లో రెండు చాపలు తెచ్చి తన గదిలో వెనక గోడ వారగా పరిచారు. మొదటి పీరియడ్ నిద్ర వచ్చినవాళ్ళు పడుకోవచ్చు. పడుకున్నవాళ్ళను చూసి ఎవరూ నవ్వకూడదు. ఇంతే నియమం.

"ఇదేంది మేడమ్, బాలవాడీనా?" అన్నాను.

"నిద్రపోయి లేచిన బిడ్డకి ఒకసారి చెప్తే ఎక్కుతుంది సార్. నిద్రమత్తులో ఉన్నవాడికి పదిసార్లు చెప్పాలి. మీ లెక్కలో వేసి చూడండి, లాభం ఎవరిది?"

నాతో ఏ భాషలో మాట్లాడాలో ఆవిడ అప్పటికే కనిపెట్టేశారు. లెక్క వేసి చూశాను. లాభం కనబడింది, ఒప్పుకున్నాను.

తర్వాత్తర్వాత ఇంకోటి కూడా గమనించాను. ఆ గంటసేపు ఆవిడా గోడకు తల ఆనించి కూర్చునేవారు. మెలకువగా ఉన్న పిల్లలు రాసుకుంటూ ఉండేవాళ్ళు, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి తలుపు దగ్గర నిలబడితే కళ్ళు తెరవకుండానే, "ఈ గంట నాకూ కావాలి సార్. ఇది లేకపోతే సాయంత్రం దాకా నిలబడలేను" అన్నారు.

ఆ చాప మీద రోజూ పడుకునే ఐదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. అమ్మానాన్నా లేరు, అవ్వ దగ్గర పెరుగుతోంది. ఇంటికి వచ్చే అర పాలు ఆ పిల్ల చేతిదే. లెక్కల్లో దిట్ట. చేపల కుప్పను చూసి ఎన్ని పాళ్ళు వస్తాయో పెద్దవాళ్ళ కంటే ముందు చెప్పేది. మేడమ్ ఆ పిల్లను ఆరో తరగతికి ఆడపిల్లల హాస్టలు బడిలో చేర్చాలని పట్టుపట్టి దరఖాస్తు నింపారు. వేసవి దాకా మా దగ్గర ఐదు పూర్తి చేసి, మా సర్టిఫికెట్ తీసుకుని పోతే చాలు. ఆ పిల్లకు హాస్టలు గురించి ఉన్న అనుమానం ఒక్కటే.

"తెల్లారిందాకా పండుకోవచ్చునా మేడమ్? నిజంగా లేపరా?"

"ఆరింటిదాకా ఎవరూ లేపరమ్మా."

"ఆరంటే తెల్లారిపొయ్యేది గదా!" అని అది నోరు తెరిచి, పక్క పిల్లకు చెప్పడానికి పరిగెత్తింది.

దసరా సెలవులు అయిన తర్వాత మండలం నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. చాపల మీద తొమ్మిదిమంది. గుమ్మంలోనే ఆగి, "ఏంటి మాస్టారూ, ఇది బడా, లాడ్జా?" అని ఫోను తీసి ఫొటో కొట్టాడు. మేడమ్ చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "మెమో వస్తుంది. దానికి రాసుకోండి సంజాయిషీ."

మర్నాడు నేను ఒక్కణ్ణే ఆఫీసుకు వెళ్ళాను. ఎదుటివాడికి ఏది నొప్పో కనిపెట్టు, దాని మందు నీ కొట్లో ఉందని చెప్పు: ఇది మా నాయన విద్య. ఆ అధికారి కంప్యూటర్లో మా పాలెం పేరు ఎర్రగా ఉంది. పొద్దుటి ఫొటోకు మా పిల్లల్లో సగంమంది కూడా అందరు. ఆ ఎరుపు మూలంగా ఆయనకు పైనుంచి ప్రతి నెలా అక్షింతలు పడుతున్నాయి.

"చాపలు రేపే తీసేస్తాను సార్. నెల తిరక్కముందే మా బడి పచ్చగా మారుస్తాను. నాకేమిస్తారు?"

ఆయన నవ్వాడు. "గవర్నమెంటు ఆఫీసులో బేరమా మాస్టారూ?"

"అలవాటు సార్. బస్సులో టికెట్ దగ్గర కూడా అడుగుతాను."

మెమో ఆపాలి, మరుగుదొడ్లకు తలుపులు వేయించాలి, మూడో టీచరును ఇవ్వాలి అన్నాను. మొదటి రెండూ ఒప్పుకున్నాడు. మూడోది రాసి పంపుతానన్నాడు. పంపుతానన్నదాన్ని కూడా నేను చేతికి వచ్చినదాని కింద జమ వేసుకున్నాను. మా నాయన బతికి ఉంటే చెంప పగలగొట్టేవాడు. కానీ ఆ రోజు బోగోలు నుంచి ఆటోలో వస్తుంటే నా అంత మొనగాడు జిల్లాలో లేడనిపించింది. ఇచ్చింది ఒక గంట నిద్ర. తెచ్చింది రెండు తలుపులు, ఒక టీచరు.

పచ్చరంగు ఎట్లా తేవాలో దారిలోనే ఆలోచించి పెట్టుకున్నాను. పాలెంలో పోలీసు మాట కంటే దురాయి గట్టిది. కాపులు, అంటే ఊరి పెద్దలు, ఒడ్డున కూర్చుని వేసే కట్టుబాటు అది. దాటినవాళ్ళు తప్పు కట్టాలి, కట్టకపోతే వల దగ్గరికి రానివ్వరు. సాయంత్రం పెద్దకాపు దగ్గరికి వెళ్ళి, గంట కొట్టేసరికి పిల్లలందరూ బడిలో ఉండేట్టు దురాయి వేయమని అడిగాను.

"అయివోరా, దురాయంటే ఆటనుకున్న్యావా? ఒగసారి ఏసినామంటే నా కొడుకైనా కట్టాల్సిందే."

"అందుకే గదన్నా మీ దగ్గరికొచ్చింది."

"మాకేంది దీంట్లో?"

ఆదివారాలూ సెలవు రోజులూ బడి ఆవరణలో వలలు ఆరేసుకోవచ్చన్నాను. తప్పు సొమ్ము గంగమ్మ తిరునాళ్ళకు వాడుకోవచ్చన్నాను. ఆయన పక్కవాళ్ళ ముఖాలు చూసి, గడ్డం గోక్కుని అడిగాడు: "బడి మొగమే చూడని పిలకాయలుండారు. వాళ్ళ సంగతేంది?"

"వాళ్ళతో పని లేదన్నా. రిజిస్టర్లో పేరున్నవాళ్ళకే."

ఆ షరతు నా తెలివి. పేరు లేనివాళ్ళు నా హాజరు లెక్కలోకి రారు గదా, వాళ్ళ కోసం పెద్దలతో తగువెందుకు అనుకున్నాను.

మేడమ్‌తో ఒక్క మాట చెప్పలేదు. మర్నాడు ఆవిడ వచ్చేసరికి చాపలు చుట్టేసి ఉన్నాయి. ఊళ్ళో చాటింపు అయిపోయింది.

"నన్ను అడగాల్సింది సార్."

"మీ మంచికే మేడమ్. మెమో మీ పేరు మీద వచ్చేది."

"రానిచ్చి ఉండాల్సింది" అని ఆవిడ బల్ల మీద హాజరు పట్టీ తెరిచారు. ఆ తర్వాత ఆ విషయం చాలా రోజులు ఎత్తలేదు. కోప్పడి ఉంటే నేను ఏదో ఒకటి ఇచ్చి సర్దుకునేవాణ్ణి.

బడి పచ్చగా మారింది. ఒప్పుకున్న గడువు కంటే వారం ముందే మారింది. తాడు మధ్యలో వదిలేసి, ఒంటి మీద తడి బట్టలతో పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తొమ్మిదింబావుకు నేను స్తంభం దగ్గర నిలబెట్టి ఫొటో తీసేటప్పుడు కళ్ళు తెరవమని అరిచేవాణ్ణి. ఫొటో అవగానే మూసుకునేవి. మేడమ్ గదిలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, పెన్సిలు చేతిలో ఉండగానే నిద్రపోయేవాళ్ళు. ఆవిడ ఒక్కొక్కరినీ భుజం తట్టి లేపడం, నలుగురిని లేపేలోగా మొదటివాడు మళ్ళీ వాలడం. పొద్దుటి పూటంతా అదే పాఠం. ఆవిడ గొంతు బొంగురుపోయింది. బోర్డు మీద తేదీ రాసి, కాసేపటికి దాని కిందే మళ్ళీ అదే తేదీ రాయడం కిటికీలోంచి రెండుసార్లు చూశాను.

అదే రోజుల్లో ఫోనుకు ఒక ఫారం వచ్చింది. ఉపాధ్యాయులు, విద్యార్థుల మానసిక సంక్షేమం మీద. మీ పాఠశాలలో సిబ్బంది విశ్రాంతికి వీలుందా? ఉంది. పిల్లలు తమ ఇబ్బందులు చెప్పుకోవడానికి సమయం కేటాయించారా? కేటాయించాం. అన్నిటికీ ఉందనే నొక్కాను. లేదు అంటే ఎందుకు లేదో రాయమని కింద ఇంకో పెట్టె తెరుచుకుంటోంది, సిగ్నలు చూస్తే ఒక గీతే ఉంది. పంపగానే చప్పట్లు కొడుతున్న రెండు చేతుల బొమ్మ వచ్చింది. మేడమ్‌కు చూపించి నవ్వించాలనుకున్నాను. ఆవిడ చూశారు, నవ్వలేదు.

ఒక రోజు ఆ గదిలోంచి చెంపదెబ్బ చప్పుడు వినబడింది. మా బడిలో నా గది నుంచి వినబడితే వింత కాదు. వెళ్ళేసరికి ఐదో తరగతి పిల్ల చెంప పట్టుకుని నిలబడి ఉంది, ఏడవడం లేదు, ఇంకా సగం నిద్రలోనే ఉంది. ఏడుస్తున్నది మేడమ్. "మూడుసార్లు లేపాను సార్... మూడుసార్లు..." అంటూ వరండాలోకి వచ్చి నేల మీద కూలబడ్డారు. ఆ పిల్ల వెనకే వచ్చి, "నిద్రొస్తాంది మేడమ్, కావాలని గాదు" అని ఆవిడకే సంజాయిషీ చెప్పింది.

రెండు రోజుల తర్వాత పిల్ల అవ్వ బడికి వచ్చింది. కొట్టినందుకు తగువేమో అనుకుని నేను రాజీకి మాటలు సిద్ధం చేసుకున్నాను.

"ఆయమ్మ కొడితే ఏంది సారూ, ఆయమ్మది పూల చెయ్యి. నేనొచ్చింది దానికి గాదు. మీ దురాయికి మూడు తూర్లు తప్పు కట్టినా. వల ఒడ్డుకి రాకముందే తాడిడిస్తే పాలియ్యరు. వల వచ్చిందాకా పట్టుకుంటే గంట దాటిపోతాది. ఇంక నాకాడ లేదు. పేరుంటేనే గదా తప్పు? పేరు కొట్టేయండి."

"ఇంకో మూడు నెలలు అవ్వా. ఆ తర్వాత హాస్టలు. అన్నం, బట్టలు అన్నీ వాళ్ళే."

"దానికి వాళ్ళు పెడతారు. ఈ మూడు నెల్లు మాకు నువ్వు పెడతావా?"

పెడతానని నోటిదాకా వచ్చింది. పాలెంలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నున్నాయో అంతలోనే లెక్క వేసుకున్నాను. పెద్దకాపును అడిగి చూస్తానని చెప్పి పంపేశాను.

సాయంత్రం పెద్దకాపు దగ్గరికి పోయి దురాయిలో సడలింపు అడిగాను. ఆయన ఒడ్డున కూర్చున్నవాళ్ళందరికీ వినబడేట్టు నవ్వాడు. "ఏందబ్బా ఇది! అడిగి ఏయించుకునిందీ నువ్వే, తీయమనేదీ నువ్వేనా? తిరునాళ్ళలో అందురం కూడేదాకా కదిలేది ల్యా."

"ఆ ఒక్క ఇంటి తప్పు నేను కడతానన్నా."

"ఒగురి తప్పు ఇంకొగురు కడితే ఇంక దురాయేంది? గమ్మునుండు అయివోరా."

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. ఆవిడ నాకంటే తేలికైన దారి చూపించారు. "పేరు కొట్టేశానని కాపులకి చెప్పండి. రిజిస్టర్లో ఉంచేయండి. గైర్హాజరు వేయండి. ఏప్రిల్లో పరీక్షలు నేను రాయించుకుంటాను, ఇంటికి పోయి అయినా సరే. సర్టిఫికెట్ చేతికొస్తే చాలు సార్."

అది జరిగే పనే. పెద్దల తరఫున శనివారం వచ్చి గైర్హాజరు పేర్లు తెలుసుకుపోయే మనిషికి చదువు రాదు, నేను చదివినవే గుర్తుపెట్టుకుని పోతాడు. ఆ పిల్ల పేరు నేను చదవకపోతే సరి. కానీ మూడు నెలలు ఒక పేరు గైర్హాజరులో ఉంటే, దాన్ని చూసి ఇంకో ఐదిళ్ళు అదే అడిగితే, బడి మళ్ళీ ఎర్రబడుతుంది. మూడో టీచరు ఫైలు కదిలిందని ఆఫీసులో ఎవరో చెప్పి ఉన్నారు.

"ఈ ఒక్క నెలా ఓపిక పట్టండి మేడమ్. టీచరు వస్తే మీకే గదా ఊపిరి."

"నాకు ఊపిరి అప్పుడు కాదు సార్ కావాల్సింది. ఎర్రబడితే పడనివ్వండి. రంగే గదా."

"మెమో మళ్ళీ లేస్తుంది."

ఆవిడ నా వంక చూశారు. కొట్లో బాకీ అడగడానికి వచ్చి, అడగకుండానే వెనక్కి తిరిగేవాళ్ళు అట్లా చూస్తారు. ఆ మధ్యాహ్నం నేను ఆ పిల్ల పేరు మీద గీత గీశాను. తీసివేతకు కారణం అని ఉన్న గడిలో "వలస వెళ్ళారు" అని రాశాను. బడి గేటు నుంచి రాయి విసిరితే పడే దూరంలో ఉంటుంది వాళ్ళ గుడిసె.

ఆ వారంలోనే మేడమ్ బడికి వచ్చే ఆటోలో స్పృహ తప్పారు. కావలి డాక్టరు విశ్రాంతి రాశాడు, ఆవిడ సెలవు పెట్టారు. సెలవు మీద సెలవు పొడిగించి, ఆ వేసవి బదిలీల్లో అల్లూరు వైపు వెళ్ళిపోయారు. రిలీవింగ్ కాగితం తీసుకోవడానికి వచ్చినరోజు పిల్లలు ఎట్లా ఉన్నారని అడిగారు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. ఐదో తరగతి పిల్లను మాత్రం అడగలేదు. నేను టీ తెప్పించాను. చల్లారేదాకా పట్టుకుని కూర్చుని, తాగకుండానే వెళ్ళారు.

ఆ పిల్లను తర్వాత ఒడ్డున చూశాను. చున్నీ నడుముకు బిగించి, పెద్దవాళ్ళ వరసలో తాడు పట్టుకుని ఉంది. నన్ను చూసి దాక్కోలేదు, గొప్పగా చెప్పింది: "సార్, ఇప్పుడు నాది నిండు పాలు!"

"ఎక్కడన్నా పడుకుంటున్నావా మధ్యలో?"

"యాడ సార్, చేపలు కోసేది ఉంటాది గదా" అని తాడు వెనక్కి లాగుతూ వెళ్ళిపోయింది.

ఇంక బిల్లు. వచ్చినవి: మెమో రాలేదు. మరుగుదొడ్లకు రెండు తలుపులు వచ్చాయి, ఒకదానికి గొళ్ళెం పడదు, పిల్లలు బయట ఒకరిని కాపలా పెట్టి వెళ్తారు. కంప్యూటర్లో ఐదు నెలలు పచ్చరంగు ఉంది. మూడో టీచరు రాలేదు. పోయినవి: ఉన్న రెండో టీచరు పోయారు, ఆ స్థానంలోకి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు, ఐదు తరగతులూ నేనే చూస్తున్నాను, అంటే ఏదీ చూడటం లేదు. మేడమ్ ఇప్పుడున్న బడిలో పిల్లలతో అవసరానికి మించి మాట్లాడటం లేదని ఆవిడతో పనిచేసే వాళ్ళు చెప్పారు. ఆ పిల్ల తర్వాత ఇంకో ఆరిళ్ళ అవ్వలూ అమ్మలూ వచ్చి అదే మాట అడిగారు, ఆరు పేర్లూ కొట్టేశాను. మొత్తం ఏడుగురు. హాస్టలు బడిలో ఆ పిల్లకు దక్కాల్సిన సీటు ఇంకెవరికో వెళ్ళింది, ఆ ఇంకెవరో సుఖంగా పడుకుంటున్నారని ఆశపడటం నాకు లాభం కింద రాదు. నా వంతుకు వస్తే, ఒక్క రోజు జీతం ఆగలేదు, ఆ ఏడాది ఇంక్రిమెంటు కూడా వేళకే పడింది. ఈ బేరంలో నా వైపు నుంచి పోయింది ఏమీ లేదు.